రొట్టెలింటికీ పడకగదికీ మధ్య గోడ

పెళ్ళిభోజనాల్లో, ఆసుపత్రి వరండాల్లో, ఆఖరికి క్షవరం చేయించుకుంటున్నప్పుడు కూడా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు. "సార్, ఇంట్లోనే చిన్నగా యాపారం పెట్టుకుంటే తప్పా?" నేను రిటైరయ్యానన్న సంగతి వాళ్ళకి పట్టదు. వ్యాపార లైసెన్సుల విభాగంలో పనిచేసినవాడు చచ్చేదాకా లైసెన్సు ఇన్‌స్పెక్టరే. రూలు చెప్తాను. చెప్పాక వాళ్ళ మొహం చూస్తే అడిగింది రూలు కోసం కాదని తెలుస్తుంది. వాళ్ళకి కావలసింది ధైర్యం. అది మా ఆఫీసులో ఎప్పుడూ స్టాకు ఉండేది కాదు.

ఈమధ్య మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలిద్దరు ఇంటికొచ్చి, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి సార్ అన్నారు. నా దగ్గర గొప్ప కేసులు లేవు. గనుల కేసులు, బడా కాంట్రాక్టర్ల కేసులు వేరేవాళ్ళ అదృష్టం. నాకు దక్కింది ఒక గోడ. ఆ గోడ సంగతి వాళ్ళకి చెప్పాను, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ముందు రూలు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత విసిగించను. జనం కాపురముండే వీధుల్లో, ఇంట్లోవాళ్ళు ఇంట్లో ఒక మూల చేసుకునే పనిని మేము చూసీచూడనట్టు వదిలేస్తాం. కుట్టుమిషను, ట్యూషను, అప్పడాలు అలాంటివి. బయటివాళ్ళు వచ్చి పనిచేసినా, పెద్ద మిషన్లు దిగినా, పక్కవాళ్ళకి ఇబ్బంది కలిగినా అది వ్యాపారం కింద లెక్క, నోటీసు వెళ్తుంది. ఇందులో "ఇబ్బంది" అన్న మాట ఉంది చూశారా, దాని కొలత ఎక్కడా రాయలేదు. స్థలం కొలవడానికి ప్రభుత్వం నాకు టేపు ఇచ్చింది గానీ ఇబ్బంది కొలవడానికి ఏమీ ఇవ్వలేదు.

గాంధీనగర్‌లో ఒక వెనక సందు. అక్కడ ఒకామె అద్దెకుండేది. ఆమెది బండ్రి అనే పల్లె. మొగుడు గనుల దగ్గర టిప్పర్ నడిపి నడిపి నడుము పోగొట్టుకుని మంచానికి అంటుకుపోయాడు. ఆమె ఊళ్ళోకి వచ్చి జొన్నరొట్టెలు చేయడం మొదలుపెట్టింది. ఒకటి రెండు ఇళ్ళకి ఇస్తూ మొదలైనది, ఒక హోటలువాడు పొద్దున టిఫిన్ వేళకి మెత్తటి రొట్టెలు కావాలనేదాకా వచ్చింది. ఒక్కతే చేయలేక నలుగురు ఆడవాళ్ళని పెట్టుకుంది. ఇంకా తెల్లవారకముందే ఐదుగురూ వంటగదిలో వరసగా కూర్చుని తట్టేవాళ్ళు.

పక్కింటాయన ఫిర్యాదు ఇచ్చాడు. నేను వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి కోళ్ళు కూడా సరిగ్గా లేవలేదు. సందు మొదట్లోకి కాలిన జొన్నపిండి వాసన వస్తోంది, దాంతోపాటే దబదబమని చప్పుడు. లోపల ఆడవాళ్ళు గోడవారన నేలమీద చెక్కపలకలు వేసుకుని, పిండిముద్ద మీద అరచేతులతో తడుతూ గుండ్రంగా తిప్పుతున్నారు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నోళ్ళు వాటి పని. ఒకామె నిన్న రాత్రి సీరియల్లో అత్త ఏం చేసిందో చెబుతోంది, మిగిలినవాళ్ళు ఆ అత్తని తిడుతున్నారు.

నన్ను చూసి చప్పుడు ఆగిపోయింది. రొట్టెలామె లేచి వచ్చింది.

"రా సార్. ముందు రొట్టె తిను, తిన్యాక నోటీసు ఇద్దువులే."

నేను తినలేదు. తిండి కేసులో ఇన్‌స్పెక్టరు తినకూడదని నాకు నేనే పెట్టుకున్న రూలు. దానివల్ల ఈ ఊళ్ళో నేను పోగొట్టుకున్న మిరపకాయ బజ్జీలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. "కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టుకోకూడదామ్మా?" అని అడిగాను.

"హోటలాయప్ప పొద్దున్నే బండి పంపిస్తాడు సార్. ఆలస్యమైతే బేడ, వద్దు పో అంటాడు. పోనీ రాత్రే కలిపి పెట్టుకుందామంటే అయ్యేది కాదు. ఇది ఉడుకునీళ్ళు పోసి కలిపే పిండి. ఉడుకు ఆరకముందే తట్టాల. ఆరిందంటే అంచులన్నీ పగిలిపోతాయి, ఇంక దాన్ని బర్రెకు పెట్టాల్సిందే."

"ఈ గోడ పక్కనే ఎందుకు? ముందు గదిలో కూర్చోవచ్చు గదా."

"ముందర ఆయన పండుకొని ఉండాడు గదా సార్. యాడ కూసోమంటావు?"

వాకిలి దాకా వచ్చి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "సార్, మీ కాగితం తలుపుకి అంటించినారంటే ఆ రోజే ఇల్లు ఖాళీ చేయాలని ఓనరు చెప్పినాడు. బండ్రికి పోయి ఏం చేసేది? ఆడ మాకు ఏముండాది? ఏం చేసినా చేయి గానీ తలుపుకి మాత్రం అంటించొద్దు సార్."

అక్కణ్ణుంచి పక్కింటికి వెళ్ళాను. ఫిర్యాదు చేసినాయన పెద్దవాడు. కాలవ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర వలసరైతుల క్యాంపులో స్థిరపడిన కుటుంబం. జీవితమంతా వరి పండించి, భార్యకి పక్షవాతం వచ్చాక డాక్టర్లకి దగ్గరగా ఉంటుందని ఇక్కడికి వచ్చేశాడు. కాఫీ ఇచ్చాడు, తాగాను. కాఫీ మీద ఫిర్యాదు లేదు కదా.

"ఇన్‌స్పెక్టరుగారూ, నేను ఆవిడ పొట్ట కొట్టాలని రాయలేదండీ. పనిచేసుకునే ఆడవాళ్ళ కష్టం నాకు తెలియంది కాదు. వాళ్ళ చేతి నాట్లతోనే బతికినవాణ్ణి. కానీ మా ఆవిడకి రాత్రంతా కునుకు పట్టదండీ. తెల్లవారుజామున ఎప్పుడో కళ్ళు మూతపడతాయి. పడ్డాయో లేదో ఆ గోడ మీద దబదబ మొదలు. డాక్టరేమో నిద్రే మందు అంటాడు. నన్నేం చేయమంటారు చెప్పండి."

నేను ఇద్దరి మాటా నమ్మాను. మా ఉద్యోగంలో ఇంతకంటే ఇరకాటం లేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడితే మనకి సుఖం. ఇద్దరూ నిజమే చెప్తే మాత్రం ఇంటికి వెళ్ళినా అన్నం సయించదు.

ఆఫీసుకొచ్చి చెప్తే మా కుర్ర ఇంజనీరు తేలిగ్గా నవ్వేశాడు. చదువుకున్నవాడు, మంచివాడు, అన్నిటికీ ఒక మిషను ఉంటుందని నమ్మేవాడు. "సార్, రొట్టె మిషను వచ్చిండాది గదా. పిండి ఏస్తే చాలు, రొట్టె వస్తాది. తట్టేదే ఉండదు. చప్పుడే లేదు, ఇంకేం ఫిర్యాదు?" అని తనే వెళ్ళి ఆమెకి నచ్చజెప్పాడు. ఆమె ఎక్కడో అద్దెకి మిషను తెచ్చింది.

దాన్ని దించిన రోజునుంచి కష్టాలు రెట్టింపయ్యాయి. ఆ మిషనుకి ఇంటి కరెంటు చాలలేదు, పెంచమని అడిగితే కరెంటువాళ్ళు వచ్చి చూసి, ఇది ఇల్లు కాదు కర్మాగారమని మీటరు మార్చేశారు. అంతవరకూ కాగితాల మీద వంటగదిగా ఉన్నది కాస్తా మావాడి సలహాతో ఫ్యాక్టరీ అయ్యింది. దబదబ పోయి గర్రుమనే మోత వచ్చిందని పెద్దాయన రెండో ఫిర్యాదు ఇచ్చాడు. హోటలువాడైతే ఆ రొట్టెని రెండు వేళ్ళతో పట్టుకుని "ఇదేంది, అట్టపెట్టె మూత మాదిరి ఉండాది" అన్నాడట. మిషను వెనక్కి పోయింది. మీటరు మాత్రం చాలా రోజులు ఫ్యాక్టరీగానే మిగిలింది. మా ఇంజనీరు తర్వాత కొన్నాళ్ళు ఏ మిషను గురించీ మాట్లాడలేదు.

రెండో ఫిర్యాదుతో ఫైలు బరువెక్కింది. పైన మా మేడం ఉన్నారు, పట్టణ ప్రణాళిక ఆఫీసరు. ఇంక నోటీసు తప్పదన్నారు. అప్పుడు నా పక్క బల్ల మీది సీనియర్ గుమాస్తా, ఒక్క పాన్ నమలడంలో నాలుగు ఫైళ్ళు తేల్చేసే మనిషి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఏమప్పా, ఆ గోడ ఎవరిది?"

"రెండిళ్ళ మధ్య కాంపౌండు గోడ."

"కాంపౌండు గోడకి పడకగది ఎట్ల ఆనుకున్యాది? మధ్యలో ఖాళీ వదల్లా గదా. టేపు తీసుకొని పో. ముసలాయనకీ ఒక నోటీసు రాయి. ఇద్దరూ సుమ్మనె నోరు మూసుకొని ఉండిపోతారు."

వెళ్ళి కొలిచాను. గుమాస్తా చెప్పిందే నిజం. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలాన్ని మేము సెట్‌బ్యాక్ అంటాం. అది వదిలిన ఇల్లు మన ఊళ్ళో చూపిస్తే వాళ్ళకి నేను శాలువా కప్పుతాను. పెద్దాయన పడకగది పూర్తిగా ఆ ఖాళీలోనే కట్టి ఉంది. ఇటువైపు రొట్టెలామె వంటగది కూడా, ఇంటి ఓనరు పుణ్యమా అని, అదే గోడకి ఆనుకుని ఉంది. ఇద్దరూ చెరొక సందు మింగేశారు కాబట్టే ఆ చప్పుడికి మధ్యలో గాలి కూడా అడ్డం లేదు. నా దగ్గర ఇప్పుడు ఇద్దరినీ నోరు మూయించే ఆయుధం ఉంది. అది చేతికొచ్చాక నాకు సంతోషం కలగలేదు, చిరాకేసింది. నోరు మూస్తే ఆ ముసలావిడకి నిద్ర వస్తుందా?

మేడంతో ఒకటే అడిగాను. నోటీసు రాసేముందు ఇద్దరి ఎదుటా మహజరు చేద్దాం, అంటే అక్కడికే వెళ్ళి చూసినది చూసినట్టు రాసి సంతకాలు తీసుకుందాం, అదీ ఆ చప్పుడు అయ్యే వేళకే వెళ్దాం అన్నాను. మేడం నా వైపు అదోలా చూశారు. ఆవిడ కూడా పొద్దున్నే లేవడం ఇష్టం లేని మనిషే. అయినా వచ్చారు.

ఆ రోజు రొట్టెలామెని పెద్దాయన ఇంట్లోకి రమ్మన్నాను. ఎదురెదురు పక్షాలు ఒకచోట ఉండాలి కాబట్టి పిలిచాను తప్ప నా బుర్రలో ఇంకే ఆలోచనా లేదు. తన ఆడవాళ్ళకి పని ఆపవద్దని చెప్పి ఆమె వచ్చింది. వాళ్ళ పడకగదిలోకి ఆమె అడుగు పెట్టడం అదే మొదటిసారి. గోడకి ఆనించిన మంచం మీద ఆ పెద్దావిడ పడుకుని ఉంది. ఒక చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. మంచం పక్కన స్టూలు, స్టూలు మీద మందులు, ఒక స్టీలు గ్లాసు. మేడం, నేను, పెద్దాయన, రొట్టెలామె, నలుగురం నిలబడ్డాం.

గోడవతల మొదలైంది.

నేను వీధిలో విన్న చప్పుడు కాదు అది. గోడ మొత్తం మోగుతోంది. స్టూలు మీద గ్లాసు సన్నగా అదురుతోంది. నాకు పళ్ళు జివ్వుమన్నాయి. మేడం నుదురు పట్టుకున్నారు.

అప్పటిదాకా ఫైల్లో ఎక్కడా ఆ పెద్దావిడ మాట లేదు. ఫిర్యాదు ఆయన పేరు మీద, నోటీసు ఈమె పేరు మీద. నేను మంచం దగ్గరికి వంగి, "మీకెలా ఉందమ్మా?" అని అడిగాను. నోరు కొంచెం వంకరపోయింది, మాట నెమ్మదిగా వచ్చింది. "నిద్ర పట్టనివ్వట్లేదు బాబూ. కళ్ళు మూస్తే గుండెల మీదే తడుతున్నట్టుంటుంది." అంతే, ఆవిడ ఎవరినీ తిట్టలేదు.

నేను రొట్టెలామె వైపు చూశాను. ఆమె గోడ వైపు చూస్తోంది. చెయ్యి చాపి గోడ మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచి తీసేసింది.

"అయ్యో, ఈ పక్క ఇట్ల ఉంటాదా?" అంది. "నాకెట్ల తెలుస్తాది సార్? ఆ పక్క మాకు మాటలు, నవ్వులు. చప్పుడని మాకు అనిపించనే లేదు. ముసలాయప్పకి మేము బతికేది కడుపుమంట అనుకుంటి."

పెద్దాయన ఏదో అనబోయాడు. ఈలోగా మేడం గది నాలుగువైపులా చూసి, కిటికీ లేని గోడ దగ్గర ఆగారు. "ఈ రూముకి ప్లాన్ ఉండాదా?"

ఆయన మొహం పాలిపోయింది. "లేదండీ. ఆవిడ మెట్లెక్కలేదు. కింద గది లేదు. ఎక్కడ కట్టమంటారు?"

నా జేబులో టేపు ఉంది, తీయలేదు. అవతల చప్పుడు సాగుతూనే ఉంది. ఇటు గది ఉండకూడదు, అటు పని ఉండకూడదు. రెండూ లేకపోతే ఈ రెండిళ్ళవాళ్ళు ఎక్కడికి పోవాలో మాత్రం మా పుస్తకంలో లేదు.

చివరికి రొట్టెలామే మంచం పక్కన కింద కూర్చుంది. "పెద్దమ్మా, నువ్వు ఎప్పుడు లేస్తావు?"

"నాకేం తెలుసు తల్లీ. ఒక్కోరోజు ఒక్కోలా."

"అట్లయితే నువ్వు లేసినాక ఈ గ్లాసుతో గోడ మీద కొట్టు. నువ్వు కొట్టేదాకా మేము తట్టం. నీళ్ళు కాగబెట్టుకొని కూసుంటాం."

"హోటలు బండి?" అని నేనడిగాను.

"పోతే పోనీ సార్. గట్టిగా కాల్చి కడక్ రొట్టె చేస్తా. అది నాలుగు దినాలైనా ఉంటాది, పొద్దున్నే కావాల్సిన పనిలేదు." హోటలే ఆమెకి ఆధారమని నాకు తెలుసు.

మహజరు నేనే రాశాను. ఇంటి వంటగదిలో రొట్టెల పని జరుగుతోందని, పక్కింటివారు సమ్మతి తెలిపిన తర్వాతే మొదలుపెట్టేందుకు ఒప్పుకున్నారని రాసి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాను. సమ్మతి ఎలా తెలుపుతారని మేడం అడిగారు. స్టీలు గ్లాసుతో అని రాయమంటారా అన్నాను. ఆవిడ నవ్వలేదు గానీ సంతకం పెట్టారు. బయటివాళ్ళని పనిలో పెట్టుకోవడం, సెట్‌బ్యాక్ మింగడం, ఈ రెండింటి మీదా విడిగా ఫైలు తెరవమన్నారు. మా ఆఫీసులో విడిగా ఫైలు తెరవడమంటే అటకెక్కించడమేనని ఉద్యోగం చేసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. తలుపుకి ఏ కాగితమూ అంటించలేదు.

ఇది గొప్ప విజయమేమీ కాదు. హోటలువాడు నిజంగానే మానేశాడు. నలుగురు ఆడవాళ్ళలో ఒకామె పని చాలక జీన్స్ కుట్టే చోటికి వెళ్ళిపోయింది. రొట్టెలామె హాస్టళ్ళకీ, ఊరికి పోయేవాళ్ళకీ కడక్ రొట్టెలు కట్టించి ఇస్తూ మెల్లగా నిలదొక్కుకుంది. ముసలావిడ కొన్ని రోజులు ఎండెక్కేదాకా పడుకునేదట, వీళ్ళు అంతసేపూ పొయ్యి ముందు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాళ్ళట.

ఇళ్ళ మధ్య వ్యాపారాలు ఉండొచ్చా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. గోడకి ఇటువైపు ఏం చేస్తున్నావని కాదు, అటువైపుకి ఏం పోతోందో ఒకసారి వెళ్ళి నిలబడి విను. కొత్తగా చేరిన పిల్లలకీ అదే చెప్పాను. వాళ్ళు తలూపారు, మర్యాదస్తులు. ఇది రూలుగా రాయడం కుదరదు సార్ అని కూడా అన్నారు. నిజమే, కుదరదు.

రిటైరయ్యాక రొట్టెలు అక్కడే కొంటున్నాను. ఇప్పుడు తినొచ్చు కదా. మొన్న వెళ్ళినప్పుడు ఆమె మాట్లాడకుండా రొట్టెలు కడుతుంటే, ఏమైందమ్మా అని అడిగాను.

"పెద్దమ్మ పోయింది సార్."

ఆ పొద్దు గ్లాసు చప్పుడు రాలేదట. ఇంక లేస్తుందిలే అని పిండి కలిపి కూర్చున్నారు. పిండి ఆరిపోయింది, ముద్ద చేస్తే పగిలిపోయింది. ఈమెకి ఎందుకో మనసొప్పక వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది. పెద్దాయన తీసి, పెదవి మీద వేలు పెట్టి, "ఇవాళ చక్కగా నిద్రపోతోందమ్మా, లేపొద్దు" అన్నాడట. ఈమె ఆయన్ని దాటుకుని లోపలికి పోయి చూసింది.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని రొట్టెల కట్ట దారంతో బిగించింది.

"ఇంక ఈడ తట్టేకి చేయి రాలేదు సార్. పలకలు ఎత్తి పక్కన పెట్టినాం. ఎవరు కొడతారని? యాడన్నా వేరే ఇల్లు చూసుకుందామనుకుంటిమి. పెద్దకర్మ అయిపోయిండాది. మర్నాడు పొద్దున ఊరికే అలవాటుకి లేసి అందరం పొయ్యి ముందర కూసోని ఉండాం. గోడ మీద గ్లాసు చప్పుడైంది సార్."

నేను ఆమె మొహం కేసి చూశాను.

"ముసలాయప్ప. మేము కదలకుండా ఉంటిమి. మళ్ళా కొట్టినాడు."

"మీరేం చేశారు?"

"ఏం చేస్తాం సార్," అంది. "పొయ్యి ముట్టించి నీళ్ళు పెట్టినాం."